పదకొండూ ఎనిమిదికి గట్టిమేళం

పదీ నలభై ఒకటికి నీలవేణి ఆ రోజు ముప్పై ఏడో సమ్మతి నొక్కింది. తునిలోని ఓ మండపంలో పొయ్యిపొర తగ్గించి చల్లదనపు పొర పెంచడానికి. ముప్పై ఎనిమిదోది తెనాలిలో ముందే మరిగిపోతున్న సాంబారు కింద సెగ ఆపడానికి. అదీ నొక్కింది.

సమ్మతి అధికారి అంటే చుట్టాలంతా పెద్ద ఉద్యోగమనుకుంటారు. ఆరేళ్ళుగా ఆమె చేసిందల్లా యంత్రం అడిగినప్పుడల్లా సరేననడం. మనిషి చేత సరే అనిపించుకోవాలని చట్టంలో ఉంది కాబట్టి విశాఖపట్నంలో, సముద్రం కనిపించే ఆ గదిలో ఓ కుర్చీ ఉంది. కుర్చీలో ఆమె ఉంది.

అయినా ఇవాళ ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. రేపటి నుంచి మూఢం. మూడు నెలల పాటు పెళ్ళిళ్ళు లేవు. మిగిలిన ఒకే ఒక్క మంచి లగ్నం ఇవాళ పదకొండూ ఎనిమిదికి. యంత్రం మోస్తున్న బరువు చూపే భారరేఖ గోడ మీద నిమిష నిమిషానికీ పైకి ఎగబాకుతోంది. నలభై ఒక్క వేల రెండు వందల ఆరు మండపాలు. అన్ని జంటలూ ఒకే క్షణాన ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టబోతున్నాయి. తలుచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తోంది.

ఏ మండపానికీ ఇప్పుడు సొంత మేళం లేదు, సొంత వంటశాల లేదు. అన్నీ కల్యాణమేఘమనే ఆ యంత్రం నుంచే పొరలు పొరలుగా వస్తాయి: పొయ్యిపొర, చల్లదనపు పొర, మేళపొర. కావలసినప్పుడు, కావలసినంత. వాడుకున్న గంటకే అద్దె. పంతులుగారి చేతిలోని కాలపలకకు ముహూర్తం కూడా అక్కడినుంచే అందుతుంది. ఈ వ్యాపారమంతా ఒకే నమ్మకం మీద నడుస్తుంది: అందరూ ఒకేసారి అడగరు. ఆ నమ్మకంతో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలోకి దిగిన మహానుభావులకు దణ్ణం పెట్టాలి.

పదీ నలభై ఆరుకి ముప్పై తొమ్మిదోది వచ్చింది. 'శిఖరభారం పరిమితి దాటుతుంది. ఇరవై వేల మండపాలకు పునర్విన్యాసం. పన్నెండింటిలో నమూనాగా అమలైంది. మిగిలినవాటికి సమ్మతమా?'

ఇలాంటివి ఎన్ని చూసిందో. వేలు ముందుకు పోయింది. అంతలో ఫోన్ మోగింది.

"ఆయ్, మండపేట నుంచండి. సత్తిరాజునండి, మండపం మేనేజర్ని. కిందటి నెలే మీ మేఘంలో చేరామండి. మా పంతులుగారి పలక మీద టైం మారిపోయిందండి. పొద్దున్న పదకొండూ ఎనిమిదని ఉంది, ఇప్పుడేమో పదకొండూ ఇరవై ఏడంటంది. ఏటండీ ఇది?"

"పలక పాడైందేమో సత్తిరాజుగారూ. ఒకసారి ఆపి..."

"ఆపి పెట్టామండి. మళ్ళీ అదే అంటంది. ఇదిగో, పంతులుగారు మాట్లాడతారంట."

ఫోన్‌లో ముసలి గొంతు వినిపించింది. "తల్లీ, నేను నిన్ననే వేళ్ళ మీద లెక్క కట్టుకున్నాను. పదకొండూ పన్నెండుకి లగ్నం వెళ్ళిపోతుంది. ఆ పైన వర్జ్యం. మీ పలకేమో వర్జ్యంలో పెళ్ళి చెయ్యమంటోంది. నీ ఇంట్లో ఆడపిల్లయితే ఏ టైముకి చేయిస్తావు? అదే చెప్పు, అదే చేయిస్తాను."

నీలవేణి నమూనా జాబితా తెరిచింది. మండపేట ఆరో పేరు. పునర్విన్యాసం అంటే పొయ్యిలూ ఫ్యాన్లూ సర్దడమని ఆరేళ్ళుగా అనుకుంటోంది. ఇప్పుడు లోపలి వివరం చదివింది. సగం మండపాల ముహూర్తాన్ని పంతొమ్మిది నిమిషాలు ఆలస్యం చేయడం. పలక మీద అదే అసలు ముహూర్తమన్నట్టు చూపించడం. ఈ మేఘాన్ని అల్లినవాళ్ళు ముహూర్తం కూడా సాంబారు లాంటిదే, కాసేపు ఆగితే పోయేదేముంది అనుకున్నారు.

పాత పునర్విన్యాసాలు నాలుగు తెరిచి చూసింది, వాటిలోనూ అదే. ఇన్నాళ్ళూ ఆ సమ్మతులు నొక్కింది ఎవరు? తనే.

"పదకొండూ ఎనిమిదికే చేయించండి పంతులుగారూ. పలక పక్కన పెట్టేయండి," అంది.

వెనక నిలబడి అంతా విన్న పర్యవేక్షకుడు ఉదయభాస్కర్ ముందుకు వచ్చాడు. "నొక్కెయ్ వేణీ. పరిమితి ముప్పై వేలు. అందరూ ఒక్కసారి మీద పడితే మేఘం మొత్తం కూలిపోతుంది. పొయ్యిలు ఆగిపోతాయి, రెండు కోట్ల మంది ఆకుల ముందు కూర్చుని ఉంటారు."

"అందులో సగానికి పైగా బరువు మేళపొరది సార్. మేళం, దీపాలు, పూలవాన, అన్నీ ఒక్క క్షణంలో. ఆ పొర తీసేస్తే మిగతావి నిలబడతాయి."

"మేళం లేకుండా పెళ్ళా? సేవ ఇవ్వలేకపోయామని మనంతట మనమే చాటుకుంటామా? ఉద్యోగం ఉండదు నీకు."

"వర్జ్యంలో పెళ్ళి చేసి మంచి ముహూర్తమని చెప్పడం కంటే నయం కదా సార్."

ఆరేళ్ళలో మొదటిసారి 'అసమ్మతం' నొక్కింది. ఆ మీట కొత్తగా, గట్టిగా ఉంది. తర్వాత మేళపొర మొత్తం ఆపేసి, నలభై ఒక్క వేల మండపాలకూ కబురు పంపింది: 'మీ ముహూర్తం పదకొండూ ఎనిమిదే. బరువు ఎక్కువైనప్పుడల్లా మేఘం ముహూర్తాలు మారుస్తోంది, ఇదివరకూ మార్చింది. ఇవాళ మార్చనివ్వను. మేళం మాత్రం ఇవ్వలేం. మీరే వాయించుకోండి.'

పదకొండూ ఏడు. మండపాల్లోని మైకులన్నీ తెరిచి పెట్టింది.

ఎనిమిది. ఒక సెకను. రెండు.

"గట్టిమేళం!" మండపేటలో పంతులుగారి కేక. ఎవరో గంగాళం మీద గరిటె పెట్టి బాదారు. అంతే, ఆగలేదు. కంచాలు, బిందెలు, చప్పట్లు, ఈలలు, ఒక పెద్దావిడ గొంతెత్తి అందుకున్న మంగళహారతి. మండపేట తర్వాత తెనాలి, తుని, ఆ తర్వాత ఏ ఊరో తెలియనంత హోరు. గది అద్దాలు అదిరాయి. 'గుర్తు తెలియని మేళం' అని యంత్రం నలభై ఒక్క వేల సార్లు రాసుకుంది. భారరేఖ పరిమితికి బెత్తెడు కిందే ఆగిపోయింది. నీలవేణి ఏడుస్తూ నవ్వుతోంది. తనూ బల్ల మీద దబదబా బాదుతోందని ఆమెకు తెలియనే లేదు.

మళ్ళీ సత్తిరాజు ఫోన్. "అదిరిపోయిందండి! మూఢం అయ్యాక మాకు మేళం వద్దండి, తీసెయ్యండి. పొయ్యిలు మాత్రం ఉంచండి, బాగా మండుతున్నాయి."

పావుగంటకి భారరేఖ మళ్ళీ లేచింది. ఈసారి నలభై వేల మండపాలు కాదు, నాలుగు లక్షల అభ్యర్థనలు. ఎక్కడి నుంచో మొదట అర్థం కాలేదు. పెళ్ళిళ్ళకి వచ్చినవాళ్ళలో, ఆరేళ్ళుగా ఈ మేఘాన్ని నమ్మి పెళ్ళాడినవాళ్ళంతా ఆకుల ముందు కూర్చుని ఆమె కబురు చదివారు. చదివి, అందరూ మేఘాన్ని ఒకే ప్రశ్న, ఒకేసారి అడుగుతున్నారు: 'మా పెళ్ళి నిజంగా ఎన్నింటికి జరిగింది?'

తొమ్మిది లక్షలు. పదిహేను. ఆ ప్రశ్నలు తీసుకోవడం ఆపమని ఉత్తర్వు ఇవ్వాల్సింది ఉదయభాస్కర్. ఆయన ఉత్తర్వు ఇవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"మా పెళ్ళి కాకినాడలో," అన్నాడు మెల్లగా. "నాలుగేళ్ళ కిందట, మాఘమాసం. ముందు మాది చూసి చెప్పు వేణీ."