మీటరు మీద నల్ల టేపు

పొద్దున్నే కూతురికి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, అటు నుంచి ఇటు తిప్పి పడుకోబెట్టాక గానీ ఆ తల్లికి షెడ్డులోకి రావడానికి తీరలేదు. పదింటికల్లా కూతురి బండి కొనేవాడు వస్తానన్నాడు. కాస్త దుమ్మైనా దులపొద్దూ? మొగుడు మెకానిక్కే. ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ తళతళలాడిస్తాడు గానీ, ఈ బండిని మాత్రం ఐదు నెలలుగా కన్నెత్తి చూడలేదు. వంగిన హ్యాండిలు కూడా మొన్ననే, ఆమె పోరు పడలేక సరిచేశాడు.

మీటరు తుడుస్తుంటే వేలికి ఏదో తగిలింది. గోరంత నల్ల టేపు. గీకి పీకేసి, తాళం తిప్పింది. టేపు ఉన్న చోట పసుపు దీపం వెలిగింది. మెకానిక్కుతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆమాత్రం తెలీదా! అది ఏబీఎస్ దీపం. ఎంత గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు అది. బండి నాలుగడుగులు కదిలితే దీపం ఆరిపోవాలి. ఆయాసపడుతూ బయటికి నెట్టింది. ఆరలేదు.

"ఏమయ్యా! కొనేవాడి కళ్ళకి గంతలు కడతావా? మన పిల్లకి జరిగింది చాలదా, ఇంకోళ్ళ బిడ్డ కూడా పడాలా?"

వాకిట్లో ఇంకో బండి విప్పుతున్న మెకానిక్ స్పానరుతోనే లేచి వచ్చాడు.

"వాడికోసం అతికించింది కాదే."

"మరెవరికోసం?"

"నీకోసమే. అప్పట్లో టైరు మారుస్తుంటే చక్రం దగ్గరుండే ఏబీఎస్ సెన్సరు నా చేతిలోనే విరిగింది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నారు. ఆ దీపం చూస్తే నువ్వు ఇల్లెగిరేలా అరిచి, పిల్లని గడప దాటనిస్తావా? అప్పటికది ల్యాబులో చేరి మూడు రోజులే. ఇంటింటికీ వెళ్ళి రక్తం తెచ్చే పని, బండి లేకపోతే ఉంచుకుంటారా? వారమే కదా అని..."

"దానికైనా చెప్పావా?"

అతను స్పానరు కింద పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"నాకే బ్రేకు పట్టడం రాలేదమ్మా అని ఐదు నెలలుగా అది కుమిలిపోతోంది కదయ్యా! పక్కనే కూర్చుని కళ్ళు తుడిచావు. నోరెలా కట్టేసుకున్నావు?"

"రోజూ చెబుదామనే వెళ్తాను. దాని మొహం చూశాక దిండు సర్ది వచ్చేస్తాను."

ఆమె అతని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. పిచ్చుకలా ఎగిరేది కాబట్టి పిచ్చుక అని పిలుచుకున్న పిల్ల, ఇప్పుడు నడుము కింద స్పర్శ లేక కిటికీ పక్కన పడి ఉంది. ఇక నడవదని డాక్టరు తేల్చి చెప్పాకే బండి అమ్మకానికి పెట్టారు.

మెకానిక్ మంచం పక్కన కూలబడి, ఉన్నదంతా చెప్పేశాడు. పిల్ల అమ్మ వేలికి ఇంకా అంటుకునే ఉన్న టేపుకేసి చూసింది.

"ఆ టేపు నువ్వు అతికించిన మర్నాడే చూశాను నాన్నా."

"చూశావా? మరి అడగలేదేం తల్లీ?"

"నీ చెయ్యి పడిందంటే బండి బాగున్నట్టేననుకున్నా. అందుకే వానలో వ్యాను అడ్డం రాగానే భయపడలేదు. నువ్వు నేర్పినట్టే బ్రేకు మొత్తం పట్టేశా. చక్రం బిగుసుకుపోయి జారిపోయాను."

అతను మంచం పట్టె మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి పిల్ల అతని జుట్టులో వేళ్ళు పెట్టింది.

"ఆ సెన్సరు వచ్చిందా?"

"వచ్చింది. నువ్వు పడ్డ మర్నాడు."

"అయితే వేసెయ్యి. కొనేవాడు ఆ బండి మీదే ఇంటికెళ్ళాలి."

అరగంటలో బిగించేశాడు. పిల్లకి దిండ్లు ఆనించి తల్లి కూర్చోబెట్టింది. కిటికీ ముందు నుంచి అతను బండిని వీధిలోకి నెట్టుకుంటూ పోయాడు.

"ఆరిందా నాన్నా?"

"ఆరిందమ్మా," అన్నాడు, దీపం ఆరిన మీటరు మీంచి చూపు తిప్పకుండానే.

పిల్ల తల ఊపింది. తల్లి చెయ్యి దుప్పటి కింద కూతురి పాదాన్ని గట్టిగా పట్టుకునే ఉంది. ఆ సంగతి కూతురికి తెలీదు.