చలిగదిలో నూట పదిహేడు

ఆ ఆసుపత్రిలో మార్చురీకి కూడా అంత చెడ్డపేరు లేదు. మార్చురీ కాపలాదారు కుర్చీలో హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతాడు, మధ్యలో లేపితే విసుక్కుంటాడు కూడా. అదే మనిషిని పిల్లల విభాగం కింద, సెల్లారులో, నడవా చివరనున్న చలిగది దాకా ఒక్కసారి వెళ్లి రమ్మంటే మాత్రం — నడుం పట్టేసిందంటాడు.

చలిగదిలో ఉన్నవి శవాలు కాదు. పిల్లల రక్తం. పాలు పడని పిల్లలు, పల్లీలు పడని పిల్లలు, గుడ్డు ముట్టుకుంటేనే మొహం ఉబ్బిపోయే పిల్లలు... వీళ్లకి ఎందుకు పడదో, అది ఎవరి వైపు నుంచి వచ్చిందో జన్యువుల్లో వెతికి పట్టుకోవాలని యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి సేకరించిన రక్తం. వేలెడంత ట్యూబులు, ట్యూబులు పేర్చిన పెట్టెలు, పెట్టెలు సర్దిన ఫ్రీజర్లు. వాటన్నిట్లోకీ పాత ఫ్రీజరు ఒకటి రాత్రీ పగలూ మూలుగుతూ ఉంటుంది కాబట్టి దానికి ముసలమ్మ అని పేరు పెట్టారు.

ఆ ముసలమ్మ దగ్గర రాత్రిళ్లు ఆడగొంతు వినిపిస్తుందని మొదట ఎవరన్నారో తెలీదు. సన్నగా... ఎవరినో జోకొడుతున్నట్టు. తర్వాత తలుపు లోపలి మంచు మీద చేతి ముద్ర కనిపించింది. ఒకరు చెయ్యి అన్నారు. ఇంకొకరు చిన్న చెయ్యి అన్నారు. కొన్నాళ్లు తిరిగేసరికి అది పసిపిల్ల చెయ్యి అయింది, దానికి ఆరో వేలు కూడా మొలిచింది. చదువుకున్నవాళ్లు చిలవలు పలవలు అల్లడం మొదలుపెడితే తక్కినవాళ్లు వాళ్ల ముందు దిగదుడుపే.

దెయ్యం సంగతి ఎలా ఉన్నా, ఫోను మోగడం మాత్రం నిజం. ముసలమ్మ తలుపు కాసేపు తెరిచి ఉంటే లోపల వేడెక్కుతుంది. వేడెక్కితే, ఆ రాత్రి వంతు ఎవరిదో వాళ్ల ఫోను మోగుతుంది. నిద్రలోంచి లేచి పరిగెత్తుకు రావాలి. అలా వచ్చిన ప్రతివాళ్లకీ కనిపించింది ఒకటే — మూసి ఉన్న ఫ్రీజరు, ఖాళీ గది. గది తాళం కార్డుతో తెరుచుకుంటుంది, ఎవరి కార్డో గుర్తుపెట్టుకుంటుంది. ఆ తాళాన్ని అడిగితే — ఎవరూ రాలేదని చెప్పేది.

అంతే, వంతులవాళ్లంతా మొహం చాటేశారు. ఒకరికి జ్వరం, ఒకరికి పెళ్లి చూపులు, లెక్కలు కట్టే అతనికైతే చీకటి పడితే చాలు కడుపు నొప్పి. చివరికి అన్ని రాత్రులూ చిన్న డాక్టరమ్మ నెత్తిన పడ్డాయి.

చిన్న డాక్టరమ్మ అంటే రోగుల్ని చూసే డాక్టరమ్మ కాదు. పెద్దాయన దగ్గర పరిశోధన చేసుకునే మనిషి. పెద్దాయన అంటే ఆ పరిశోధనంతటికీ యజమాని. దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవని ఆయన తేలిగ్గా కొట్టిపారేశాడు. వంతు మాత్రం ఒక్కరాత్రి కూడా తను వేసుకోలేదు.

ఆమెకి ఉన్న భయం వేరు. ముసలమ్మలో దాచింది జబ్బు పిల్లల రక్తం కాదు, ఏ జబ్బూ లేని పిల్లలది. పోల్చి చూడ్డానికి ఇది లేకపోతే జబ్బు పిల్లల రక్తం ఎంత ఉన్నా దండగే. కరిగి, గడ్డకట్టి, మళ్లీ కరిగితే ఇక దేనికీ పనికిరాదు. ఇలాగే వేడెక్కుతూ పోతే నీ చదువు ఇక్కడితో సరి అని పెద్దాయన నలుగురిలో అనేశాడు. పెళ్లయి, పిల్ల పుట్టి, ఇంటెడు చాకిరీ మధ్య నిద్ర మానుకుని చదివిన చదువు అది.

ఇంటి దగ్గర ఇంకో గొడవ. కూతురు ఈమధ్య రాత్రిళ్లు చెమటలు పట్టి లేస్తోంది.

"ఒకావిడ నన్ను గుప్పెట్లో పెట్టుకుని ఏడుస్తోందమ్మా..."

గాడిదలా ఎదిగావు, నువ్వు గుప్పెట్లో ఎలా పడతావే అని అమ్మమ్మ నవ్వేసేది. పిల్లకి టీవీ తగ్గించమని తన కూతురిని దులిపేది. ఆ పిల్ల మంచం తలవైపు చెక్కకి ఒక కుందేలు బొమ్మ స్టిక్కరు ఉంటుంది, దానిమీద ఒక అంకె. పోలిక కోసం రక్తం ఇచ్చిన పిల్లలకి నర్సు అంటించే స్టిక్కరది. ఇంటికి ఎవరొచ్చినా చెయ్యి పట్టి లాక్కెళ్లి చూపించేది. "నా నంబరు నూట పదిహేడు!"

అవును, ఆ పిల్ల రక్తం కూడా ముసలమ్మలోనే ఉంది. అత్యవసరంగా ఆ వయసు ఆడపిల్ల ఒకర్తి కావాల్సి వస్తే, ఇంకెక్కడ వెతుకుతామని చిన్న డాక్టరమ్మ తన కూతురి చొక్కా చెయ్యే పైకి మడిచింది. అక్కడ అందరూ చేసే పనే అది. సొంత పిల్లలకి సూది గుచ్చించని పరిశోధకుడు ఆ అంతస్తులో లేడు.

మూడు రాత్రులు వరుసగా ఫోను మోగాక ఆమెకి విసుగొచ్చింది. మోగాక పరిగెత్తడం దేనికి? ముందే వెళ్లి కూర్చుంటే సరి. వచ్చేది దెయ్యమో, దొంగో, తన ఖర్మో తేలిపోతుంది.

అందరూ వెళ్లిపోయాక చలిగదిలోకి వెళ్లి ఖాళీ అట్టపెట్టెల వెనక చాప పరుచుకుని కూర్చుంది. ఆ గదిలో దీపం మనిషి కదిలితే వెలుగుతుంది, కదలకపోతే ఆరిపోతుంది. ఆమె కదల్లేదు. దీపం ఆరిపోయింది. చీకట్లో ముసలమ్మ మూలుగు ఒక్కటే మిగిలింది.

చీకట్లో ఊరికే కూర్చుంటే మనసు వెళ్లొద్దన్న చోటికే వెళ్తుంది. ముసలమ్మలో కూతురి ట్యూబు ఉన్న చోట్లో అంతకుముందు ఇంకో పిల్ల ఉండేది. పేరు తెలీదు, మొహం తెలీదు. పేర్లు చెరిపేసి అంకెలే కిందికి పంపుతారు. ఒకరోజు ఆ అంకె ఎదురుగా చూడకూడనిది చూసింది చిన్న డాక్టరమ్మ — పడనిది ఏది తగిలినా ఒళ్లు ఎదురుతిరిగి ప్రాణం మీదికి తెచ్చే మార్పు, జబ్బు పిల్లల్లోనే ఉండాల్సిన మార్పు, ఏ జబ్బూ లేదని తెచ్చిన పిల్లలో ఉంది. ఇంటివాళ్లకి చెప్పాలి కదా అని పెద్దాయన్ని అడిగింది.

"ఏ ఫలితమూ ఇంటికి చెప్పబోమని రాసి, వాళ్ల చేతే సంతకం పెట్టించుకున్నాం," అన్నాడాయన. "మనకి తెలిసింది అంకె. అంకెకి ఇల్లుండదు."

ఆమె ఒక్కసారే అడిగింది. రెండోసారి అడగలేదు. కొన్ని నెలలకి ఆ పిల్లని తేనెటీగ కుట్టింది. ఇదే ఆసుపత్రికి, ఇదే భవనంలో పై అంతస్తుకి తెచ్చారు. తెచ్చేసరికే... అంతే. పేరు లేకుండా, ఆ అంకె పిల్ల పోయిందని మాత్రం కిందికి కబురొచ్చింది. ఆ మార్పు గురించి రాసిన వ్యాసానికి పెద్దాయన మెడలో పతకం పడింది. ఆ పతకం తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ నోరు చేదవుతుంది.

నడవాలో చప్పుడైంది.

ఆమె ఊపిరి బిగబట్టింది. తాళం దగ్గర కార్డు పెడితే కుయ్‌మనాలి — కుయ్‌మనలేదు. అయినా తలుపు తెరుచుకుంది. ఏదో లోపలికి వచ్చింది. మనిషి కదిలితే వెలగాల్సిన దీపం... వెలగలేదు.

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ముసలమ్మ తలుపు కిర్రుమంది. చల్లటి గాలి నేల మీదుగా పాకుతూ వచ్చి చాపని తాకింది. పెట్టె జరిపిన చప్పుడు. ఆ తర్వాత... గొంతు. సన్నగా, చెవిలో చెబుతున్నట్టు.

"చలేస్తోందా తల్లీ... వచ్చేశాగా... వచ్చేశాను..."

ఆమె అట్టపెట్టెల వెనక ఇంకాస్త ముడుచుకుంది. ఆ గొంతు అలా జోకొడుతూనే ఉంది —

సరిగ్గా అప్పుడు ఆమె జేబులో ఫోను మోగింది. ముసలమ్మ వేడెక్కింది మరి. మోగక ఏం చేస్తుంది?

గొంతు ఆగిపోయింది. చిన్న డాక్టరమ్మ ఫోను తీసి, దాని వెలుగు అటు తిప్పింది. నీలం కోటు. పక్కన తుడుపు కర్ర, బకెట్టు. రోజూ నడవాలో ఎదురుపడి నమస్కారం పెట్టే మనిషే. తనే ఏనాడూ ఆ మొహంలోకి సరిగా చూడలేదు.

"అరవకండమ్మా. నేనే... తుడిచే మనిషిని."

"ఏం చేస్తున్నావిక్కడ?"

ఆవిడ కుడి గుప్పిలి గట్టిగా మూసి, గుండెకి హత్తుకుని ఉంది.

గోడకి చేరబడి మెల్లమెల్లగా చెప్పుకొచ్చింది. తుడిచేవాళ్ల దగ్గర మామూలు తాళంచెవి ఉంటుంది, దాంతో తెరిస్తే కార్డు తాళానికి తెలీదు. కాపలావాళ్ల కంట పడకుండా ఈ గది దీపం మీట నడవాలోనే ఆపేసి వస్తుంది. ఆవిడకి ఒక కొడుకు, పాలచుక్క తగిలితే పెదవులు వాచిపోతాయి. వాడి రక్తం తీసుకున్నప్పుడు, పోలిక కోసం ఇంట్లో బాగున్న ఇంకో పిల్లని కూడా తీసుకురమ్మన్నారు. తెచ్చింది. పిల్ల సూదికి ఏడవనైనా లేదు. చేతికి అంటించిన కుందేలు బొమ్మ ఊడిపోతుందని రెండు రోజులు స్నానానికే రాలేదు. కొడుకుని కంటికి రెప్పలా కాచుకుంటూ కూర్చుంటే, ఏ జబ్బూ లేని పిల్ల తోటలో ఆడుకుంటూ ఆడుకుంటూ పోయింది.

"ఫోటోలున్నాయి," అంది. "ఫోటోలకి ఒళ్లుండదు కదమ్మా. దాని ఒంట్లోది ఈ భూమ్మీద మిగిలింది ఇదొక్కటే. అందుకే ఈ పనిలో చేరాను. కాసేపు వెచ్చగా పట్టుకుని మళ్లీ పెట్టేస్తాను."

గుప్పిలి విప్పింది. అరచేతిలో ట్యూబు. మంచు కరిగి వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"నూట పదిహేడు. మా పిల్ల నంబరు."

చిన్న డాక్టరమ్మ ఫోను వెలుగు ట్యూబు మీదికి తిప్పింది. ఆ అంకె రాసిన చీటీ ట్యూబుకి అంటించింది తన చేతులే. పిల్ల పోయాక పెద్దాయన ఆ పిల్ల ఇక బాగున్నవాళ్ల లెక్కలోకి రాదన్నాడు. మిగిలిన రక్తం మళ్లీ పరీక్షించడానికే అయిపోయింది, ఖాళీ ట్యూబు ఎర్ర బుట్టలో పడింది. వరసలో ఖాళీ కనిపిస్తే పైవాళ్లు ప్రశ్నలేస్తారని, అదే చోట్లో అదే అంకెతో ఇంకో పిల్లని పెట్టమన్నాడు. పోయిన వాళ్ల అంకె ఇంకొకరికి ఇవ్వకూడదని మొదటి రోజే నేర్పుతారు. తెలిసీ పెట్టింది. తన కూతురినే పెట్టింది.

"చీకట్లో తీస్తానా... ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఇది మా పిల్లదే కదమ్మా?"

కాదని చెప్పొచ్చు. మీ పిల్లది చుక్క కూడా మిగల్లేదు, చెత్తలో పారేశామని చెప్పొచ్చు. మీ పిల్లకి ప్రాణగండం ఉందని మాకు ముందే తెలుసని కూడా చెప్పొచ్చు. నిజాలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"మీ పిల్లదేనండీ," అంది. ఆ మనిషిని మీరు అనడం అదే మొదటిసారి.

ఆవిడ మొహం తేలికపడింది. ట్యూబుని చెంపకి ఆనించుకుంది.

"దాని రక్తంలో ఏమైనా తెలిసిందా అమ్మా?"

"తెలిసింది."

"మంచిది." ట్యూబు మీది తడిని కోటు అంచుతో తుడిచింది. "కాస్త ముందు తెలిసుంటే బాగుండేది," అంది, ఎవరినీ ఏమీ అనకుండా.

తర్వాత సంగతులు చెప్పుకోవడానికి పెద్దగా లేవు. ముసలమ్మ తలుపు రబ్బరు వదులైందని చిన్న డాక్టరమ్మ అందరికీ చెప్పింది, రబ్బరు మార్పించింది. నూట పదిహేడు పాడైందని లెక్కలోంచి తీసేసి, మూలనున్న చిన్న ఫ్రీజరులో ఆ ఒక్క ట్యూబునీ పెట్టింది. దానికి ఏ ఫోనూ తగిలించలేదు. ముసలమ్మ మళ్లీ వేడెక్కలేదు, పరిశోధన గట్టెక్కింది, ఆమె చదువు పూర్తయింది. దెయ్యం వదిలిపోయిందని అందరూ సంతోషించారు. తుడిచే మనిషి రాత్రిళ్లు ఆ గదికే వస్తోందని ఒక్క మనిషికే తెలుసు.

కానీ ఆ రాత్రి జరిగింది ఇంకొకటి ఉంది.

ఆమె ఇల్లు చేరేసరికి అందరూ నిద్రలో ఉన్నారు. మంచం పక్కన కూలబడి, కుందేలు బొమ్మని గోటితో గీకడం మొదలుపెట్టింది. సగమే ఊడింది. ఆ చప్పుడుకి పిల్ల కదిలింది. నుదుటి మీద చెమట లేదు, అరచెయ్యి మాత్రం వెచ్చగా, ఇప్పటిదాకా ఎవరో పట్టుకుని వదిలినట్టుంది.

"ఆవిడ ఇవాళ ఏడవలేదమ్మా..." అంది కళ్లు తెరవకుండానే. "నేను వాళ్ల పిల్లనేనని నువ్వే చెప్పావటగా?"