ఖాళీ గళ్ళ వెనక మనిషి

ఐదో అంతస్తులో లిఫ్టు ఎక్కినవాళ్ళు నలుగురు. కింద దిగినవాళ్ళు ముగ్గురు.

నాలుగో మనిషి మూలకి ఆనుకుని అలాగే నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చంకలో గొడుగు చంకలోనే ఉంది. తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు ఆయన్ని పైకి తీసుకెళ్ళింది, మళ్ళీ కిందికి తెచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన పక్కన నిలబడి ఎంతమంది ప్రయాణం చేశారో ఎవరికీ తెలియదు. చివరికి ఊడ్చే ఆవిడ "కాస్త జరగండి సారూ" అని చీపురు తగిలిస్తే, ఆయన మాట విన్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. మెడ మీద చీమ కుట్టినంత ఎర్రమచ్చ.

మందుల శాఖలో స్టాటిస్టీషియన్ ఆయన. అందరికీ లెక్కలాయన.

ఆ కబురు చెప్పడానికే మర్నాడు పొద్దున్నే బాబాయి తూనీగని పిలిపించాడు. బాబాయి ఎవరికీ బాబాయి కాదు, సీక్రెట్ సర్వీస్ చీఫ్. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో, వేలాడుతున్న కోట్ల మధ్య ఆయన ఆఫీసు. తూనీగ అనేది కోడ్‌నేమ్. అసలు పేరు పెట్టి పిలిచేది ఇంట్లో వాళ్ళే, అదీ కోపం వచ్చినప్పుడు.

తూనీగకి ఆయన బాగా తెలుసు. మూడేళ్ళ కిందట ఒక మిషన్ కోసం లెక్కలాయన దగ్గర అసిస్టెంటుగా వేషం కట్టింది. "అమ్మాయీ" అని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పించాడు. వేషమని ఆయనకి తెలియదు. తెలిసీ ఊరుకున్నాడేమో.

"ఎవరు?" అంది.

"అద్దం ముఠా. విదేశీ గ్యాంగు. పిల్లల టీకా మందు పెట్టెల్లో కొన్నింటిలో విషం కలిపారు. ఏ సెంటర్లవో లెక్కలాయన టెస్టుల్లో తేలింది. నాకు ఫోన్ చేశాడు. ఫైల్లో పెట్టాను, వచ్చి చెప్తానన్నాడు. లిఫ్టు ఎక్కాడు."

"అన్ని పెట్టెలూ ఆపేయొచ్చుగా?"

"జబ్బు ఊరి మీద పడింది. ఇప్పుడు టీకా ఆపితే, విషం చేసే పని జబ్బే చేస్తుంది. ముఠాకి రెండూ లాభమే."

"మరి ఆ ఫైలు?"

"ఒకే ఒక్క కంపెనీ అనలిటిక్స్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది. దాని లైసెన్సు ఇవాళతో సరి. అందుకే ఇవాళ అంతా డేటాబేస్‌లోకి మారుస్తున్నారు. పని పూర్తయి కమిట్ పడితే, అంటే మార్పు ఖాయమైతే చాలు, వ్యాన్లకి ఆర్డర్లు డేటాబేసే పంపుతుంది. మనిషి చెయ్యి అక్కర్లేదు."

"ముఠా ఆ ఫైలుని చెరిపేయలేదా?"

"అదే నన్ను తినేస్తోంది. మనిషిని చంపి, ఫైలుని పువ్వులా వదిలేశారు. మార్చేటప్పుడు దారిలో అంకెలు తిప్పేస్తారని నా అనుమానం. నువ్వు కాపలా."

"మార్చే పని ఎవరిది?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నెమలిది. ఒకప్పుడు మన ఏజెంటు. తరవాత వాళ్ళ ఏజెంటు. ఇప్పుడు మళ్ళీ మనదాన్నే అంటోంది."

"మీరు నమ్మారా?"

"సగం."

"ఏ సగం?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపిస్తాను?"

తూనీగ లేచింది, మళ్ళీ కూర్చుంది. "బాబాయ్, ఈ సాయంత్రం మా పాపకి టీకా. మా అత్తయ్య తీసుకెళ్తుంది."

"తెలుసు." ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. "ఇంటికి ఫోన్ చేయకు. ఒక తల్లికి తెలిస్తే గంటలో ఊరందరికీ తెలుస్తుంది. గేట్ల దగ్గర తొక్కిసలాట. ఇక ఏ తల్లీ మంచి మందు కూడా వేయించదు."

బయటికొస్తుంటే గుమ్మంలో మెకానిక్ మామయ్య ఆపాడు. సర్వీసుకి గాడ్జెట్లన్నీ ఆయన చేతి పనే. పిల్లలాడుకునే గులాబీరంగు గిలక్కాయ ఒకటి చేతిలో పెట్టాడు. "మూడుసార్లు ఊపితే ఆ గదిలో వైర్‌లెస్ అంతా చచ్చిపోతుంది."

"ఊపింది పిల్లయితే?"

"పిల్లకి ఇవ్వకు తల్లీ."

*

మందుల శాఖ ఐదో అంతస్తు. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకుని నిలబడినా తూనీగ ఎక్కలేదు, మెట్లెక్కింది. దళసరి కళ్ళద్దాలు, బిగించి కట్టిన ముడి, మెడలో ట్యాగు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన లైసెన్స్ ఇన్‌స్పెక్టరు వేషం. భుజాన బరువైన సంచి మాత్రం వేషం కాదు. పాప డైపర్ల ప్యాకెట్టు అందులోంచి తీయడం పొద్దున్న హడావిడిలో మరిచిపోయింది.

సర్వర్ గదిలో నెమలి ఒక్కతే ఉంది. నెమలికంఠం రంగు సిల్కు, వేలికి పచ్చరాయి ఉంగరం, ల్యాప్‌టాప్ మీద పరుగెత్తే వేళ్ళు. ఆమె నవ్వితే మగాళ్ళు పాస్‌వర్డ్‌లు చెప్పేస్తారని సర్వీసులో జోకు.

తూనీగ కోడ్ మాట వదిలింది. "ఈ గదిలో చలి ఎక్కువేనండీ."

"చలి మిషన్ల కోసం. మనుషులు వచ్చి పోయేవాళ్ళే." అక్షరం తప్పకుండా బదులొచ్చింది. నెమలి కన్నుగీటింది. "భయపడకు చెల్లాయ్. ఒక్క అంకె మారినా నా చెయ్యి నరుక్కుంటా."

తూనీగకి గుండె కాస్త కుదుటపడింది. అయినా ఫైలుని ఒకసారి కళ్ళారా చూద్దామని లెక్కలాయన గదిలోకి వెళ్ళింది.

కుర్చీ వెనక ఆయన స్వెటరు వేలాడుతోంది. ఏసీ గాలికి ఒక చెయ్యి మెల్లగా ఊగుతోంది, రమ్మన్నట్టో వద్దన్నట్టో తెలియకుండా. కుర్చీలో కూర్చుంటే మధ్యలో గుంట. ఎన్నో ఏళ్ళు ఒక మనిషి కూర్చున్న గుంట. ఆయన ఒళ్ళో కూర్చున్నట్టు అనిపించి తూనీగ అంచుకి జరిగింది.

కంప్యూటర్‌కి ఇన్‌స్పెక్టర్ కీ గుచ్చి సాఫ్ట్‌వేర్ తెరిచింది. తెర మీద లెక్కలాయన పేరు వచ్చింది. దాని కింద ఒక వాక్యం:

"ఈ వినియోగదారు ప్రస్తుతం పనిలో ఉన్నారు."

తూనీగ కుర్చీలోంచి సగం లేచింది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. స్వెటరు చెయ్యి ఊగుతోంది.

దయ్యాలంటే భయం ఉన్నా ఆమె ఏజెంటే. ఆలోచించింది. ఆయన పేరుతో లోపలికి వెళ్ళాలంటే ఆయన లైసెన్స్ కీ ఉండాలి. బొటనవేలంత కీ అది. దారం కట్టి మెడలో వేసుకుని, చొక్కా లోపల దాచుకునేవాడు. ఇంట్లోనూ తీసేవాడు కాదు. అది ఇప్పుడు ఎవరి దగ్గరో ఉందంటే, లిఫ్టులో ఆయన మెడ మీద చెయ్యి వేసినవాళ్ళ దగ్గరే. సర్వర్ గదిలో ఇప్పుడు ఈ ఫైలు తెరిచి కూర్చున్నది నెమలి ఒక్కతే.

తూనీగ ఫైలు కిందికి జరిపింది. సెంటర్ల పేర్లు, పక్కన మందు బలం అంకెలు. మధ్యమధ్య అంకె లేని గళ్ళు. వాటిలో ఒట్టి చుక్క. కొన్నింటిలో చుక్క పక్కన జెడ్ అనే అక్షరం. ఆ కాలమ్ తల మీద మౌస్ ఆపగానే లేబుల్ తెరుచుకుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కాలమ్‌కీ వివరణ రాసుకోవచ్చు. అందరూ ముక్తసరిగా రాస్తారు. లెక్కలాయన మాట్లాడుతున్నట్టు రాసేవాడు.

"అమ్మాయీ, ఇది మందు బలం. అంకె ఉంటే మందు మంచిది. ఒట్టి చుక్క ఉంటే శాంపిల్ ఇంకా రాలేదని, కంగారు పడకు. చుక్క పక్కన జెడ్ ఉంటే అందులో విషం ఉంది. అంకె వేయడానికి నాకు చెయ్యి రాలేదు. పిల్లల దగ్గరికి పోనివ్వకు."

ఆ గొంతు చెవి పక్కనే వినిపించింది. ఏ అమ్మాయికి రాశాడు? ఈ కుర్చీలో తన తరవాత కూర్చోబోయే ఎవరో ఒక అమ్మాయికి.

తమ వీధి సెంటర్ పేరు వెతికింది. చుక్క. పక్కన జెడ్.

చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. "అత్తయ్య" అన్న పేరు మీద వేలు ఆగింది. ఊళ్ళో మిగతా తల్లులు గుర్తొచ్చారు. ఫోను సంచిలో పడేసి డైరెక్టరు గదికి పరుగెత్తింది.

*

డైరెక్టరు పెళ్ళి చేసి అలిసిపోయిన తండ్రిలా సంతోషంగా ఉన్నాడు. "రండమ్మా! నిన్న ట్రయల్ వేశాం. ఆ ఫైల్లో ఎన్ని వరసలున్నాయో టేబుల్లో సరిగ్గా అన్నే. ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి పెరగలేదు. మా శాఖలో చెకింగంటే ఇదీ!"

"మా వీధి సెంటరు చూపించండి సార్."

ఆయన వెతికి చూపించాడు. మందు బలం: NULL. స్టేటస్: పాస్.

"చుక్క పక్కన జెడ్ ఏదీ?"

"జెడ్ ఏమిటి? అంకె లేదు కాబట్టి నల్. ఖాళీ."

ఒట్టి చుక్కలు, జెడ్ ఉన్న చుక్కలు, అన్నీ ఒకే ఖాళీ అయిపోయాయి. ఆ లేబుల్ అసలు ఇటు రానే లేదు. చెప్పినవాడి గొంతు అక్కడే ఆగిపోయింది.

"మరి పాస్ అని ఎవరు రాశారు?"

"ఎవరూ రాయరమ్మా, డిఫాల్ట్ అది. శాంపిల్ రాలేదని మందు ఆపితే జనం మా మీద పడతారు. అందుకని రిపోర్టు లేకపోతే పాసే. మొదట్నించీ మా పద్ధతే అది. చెడ్డవాటి సంగతి లెక్కలాయనే నోటితో చెప్పేవాడు."

ఇక ఎవరు చెప్తారు? ముఠా చేసిందల్లా ఆ నోరు మూయించడమే. మిగతా పని శాఖ వాళ్ళ పద్ధతే చేసి పెడుతుంది.

"సార్, ఆపమనండి!"

"ఇప్పుడా? అయిపోవచ్చింది కదమ్మా!"

*

సర్వర్ గది తలుపు తోసుకుని వచ్చేసరికి ల్యాప్‌టాప్ మీద పని ఎంతయిందో చూపే పచ్చగీత చివరికి పాకుతోంది. ల్యాప్‌టాప్ పక్కన గుచ్చిన కీకి తెగిన దారం ఇంకా వేలాడుతోంది.

నెమలి కుర్చీ తిప్పింది. "చదివేశావా? లేబుళ్ళు ఎవరూ చదవరనుకున్నానే." ఉంగరం మీద పచ్చరాయి పక్కకి జరిగింది. సన్నటి సూది బయటికొచ్చింది. "నిజం చెప్తున్నా చెల్లాయ్, ఒక్క అంకె మార్చలేదు. ఇంత నిజాయితీగా నా జన్మలో పని చేయలేదు. ఆఖరి వరస పడగానే కమిట్ దానంతట అదే అవుతుంది."

"లిఫ్టులో ఆయన ఏమన్నాడు?"

నెమలి నవ్వు ఒక్క క్షణం తెగింది. "ఏ ఫ్లోరమ్మా, అని అడిగాడు. నా చేతిలో ఫైళ్ళు ఉన్నాయని తనే బటన్ నొక్కాడు." గొంతు తగ్గింది. "నిన్నట్నించీ ఎక్కడ తలుపు తెరుచుకున్నా అదే అడుగుతున్నాడు. ఇప్పుడు నువ్వు తోసినప్పుడు కూడా."

తూనీగ గిలక్కాయ తీసి మూడుసార్లు ఊపింది. గోడ మీద వైర్‌లెస్ దీపాలన్నీ ఆరిపోయాయి. పచ్చగీత పాకుతూనే ఉంది.

నెమలి పగలబడి నవ్వింది. "వైరు చెల్లాయ్, వైరు!" అని కాలితో చూపించింది. బల్ల కింద నీలం కేబులు.

చూపించి ఉండకూడదు.

తూనీగ నేల మీద పడి కేబులు అందుకుంది. నెమలి చెయ్యి మెరుపులా దిగింది. భుజం మీంచి జారిన సంచి అడ్డుపడి, సూది డైపర్ల ప్యాకెట్టులో దిగబడిపోయింది. ఎంత గుంజినా రాలేదు. తూనీగ కేబులు చేతికి చుట్టుకుని వెనక్కి వాలింది. క్లిప్పు ఊడలేదు. ల్యాప్‌టాప్ మొత్తం బల్ల మీంచి ఎగిరొచ్చి గోడకి కొట్టుకుంది. కేబులు పుటుక్కున తెగింది.

పగిలిన తెర మీద ఇద్దరికీ కనిపించింది. గీత నిండా పచ్చగా ఉంది.

అయిపోయిందా? కమిట్ పడ్డాకే తెగిందా?

తూనీగ సర్వర్ కన్సోల్ దగ్గరికి వెళ్ళింది. కొత్త టేబుల్లో వరసలు ఎన్నని అడిగింది. కర్సర్ కొట్టుకుంటూ ఉండిపోయింది. ఆ కాస్సేపట్లో పాప చెయ్యి చాచడం, అత్తయ్య "ఏం కాదమ్మా" అనడం, అంతా కళ్ళకి కట్టింది.

తెర బదులిచ్చింది. సున్నా.

కమిట్ పడేలోపు కనెక్షన్ తెగితే, డేటాబేసు అప్పటిదాకా చేసినదంతా వెనక్కి తీసేసుకుంటుంది. రోల్‌బ్యాక్. తూనీగ నేల మీదే కూలబడి ఏడ్చింది.

బాబాయి మనుషులు వచ్చి నెమలికి బేడీలు వేశారు. లిఫ్టు ముందు ఆమె కాళ్ళు తన్నిపెట్టింది. "మెట్ల మీద తీసుకెళ్ళండి. మీకు దణ్ణం పెడతాను" అంది. ఐదు అంతస్తులూ నడిపించే దించారు.

డైరెక్టరు గోల పెడుతున్నా వినకుండా తూనీగ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంది. ఈసారి అంచున కాదు. టేబుల్లో ఒక కాలమ్ అదనంగా చేర్పించింది, ఏ ఖాళీ ఎందుకు ఖాళీయో రాయడానికి. ఆ పాస్ డిఫాల్ట్ తీయించేసింది. లేబుల్‌ని అక్షరం పొల్లుపోకుండా, "అమ్మాయీ"తో సహా, టేబుల్ వివరణలో చేర్చింది. వరసలతో పాటు ఖాళీలు కూడా రకానికి రకం లెక్కపెట్టాకే కమిట్ కొట్టింది. మంచి పెట్టెలతో వ్యాన్లు కదిలాయి. చెడ్డ పెట్టెల మీదికి పోలీసులు కదిలారు. కాసేపటికి తెర మీద లైసెన్సు ముగిసిందన్న మాట వచ్చి, లెక్కలాయన పేరు ఆరిపోయింది.

బయటికొచ్చాక ఫోన్ మోగింది. అత్తయ్య.

"ఎక్కడ చచ్చావే? పిల్లని చంకనేసుకుని అంతసేపు నిలబడితే మా సెంటరుకి మందే రాలేదు! ఎవత్తో కంప్యూటర్లో అంతా చెరిపేసిందట. అలాంటిదాన్ని పనిలో పెట్టుకున్నవాళ్ళని అనాలి!"

వెనకాల పాప ఏదో ముద్దుముద్దుగా అరుస్తోంది. తూనీగ కళ్ళు తుడుచుకుంది.

"నిజమే అత్తయ్యా," అంది. "అలాంటిదాన్ని ఇంట్లో కూడా పెట్టుకోకూడదు."