ఖాళీ కుర్చీలో కేక

ఏజెంట్ రిచర్డ్ నాటకాల హాల్లో కుర్చీలో కూర్చునే చచ్చిపోయాడు. రిహార్సల్ చూస్తూ, వేలు బటన్ మీద ఉండగానే. సోడాలో విషం.

వారం తర్వాత, 1994 డిసెంబరు. ఖరగ్‌పూర్‌లో అదే హాలు, మూడో వరసలో అదే కుర్చీ, ఖాళీగా. పక్కనే ఏజెంట్ సూసన్న, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ ఇల్లాలి వేషంలో. చెవి కమ్మలో రేడియో.

విదేశీ ముఠా తెచ్చిన కొత్త వింత, ఈ బటన్ల నాటకం. ప్రతి కుర్చీకీ రెండు బటన్లు. నాటకం చివర రాజు బతకాలంటే ఆకుపచ్చ, చావాలంటే ఎరుపు. కథ ప్రేక్షకులే తేలుస్తారు, లెక్క కంప్యూటర్ కడుతుంది. ఊరంతా ఎగబడింది. కానీ ఏది నొక్కినా సిగ్నల్ వెళ్ళేది కంసావతి నది వంతెన కింది బాంబుకి. వంతెన మీదికి మిలిటరీ స్పెషల్ రైలు వస్తోంది. హాలంతా తెలియకుండానే హంతకులవుతుంది.

కమ్మలో చీఫ్ కృపారావు గొంతు. "బాంబు దొరికినాది. తీస్తన్నారు. బండి ఆపడానికి టైం లేదు. ఓటు పడనీకమ్మా!"

"వైరు కోసీమంటారా?"

"కోస్తే పేలిపోద్ది."

స్టేజి మీద మెరుపు చీరలో యాంకర్ డాలీ. డిపార్ట్‌మెంట్ ఆమెను తన మనిషే అనుకుంది. రిచర్డూ అనుకున్నాడు. సోడా ఆమె చేతినుంచే తాగాడు.

రాజు వేషంలో రైల్వే ఫిట్టర్ గోవిందరావు చివరి పద్యం ఎత్తుకున్నాడు. రాగం సాగి, సాగి ఆగింది. డాలీ మైకు అందుకుంది.

"రెడీ? వేళ్ళు బటన్ల మీద పెట్టండి!"

సూసన్న నోరు తెరిచింది. కానీ చిన్నప్పట్నుంచీ నలుగురిలో మాట రాని మనిషి.

ఖాళీ కుర్చీలోంచి కేక. "వన్స్ మో...రూ!"

రిచర్డ్ గొంతే. అలా సాగదీసేది అతనొక్కడే. సూసన్న అటు చూడలేదు. కళ్ళు మూసుకుని తనూ అరిచింది. "వన్స్ మోర్!"

ఇంకేముంది! వేళ్ళు బటన్లు వదిలి చప్పట్లయ్యాయి.

"ఎత్తు బావా, మళ్ళీ ఎత్తు!"

"బటన్లు ఎక్కడికి పోతాయే? దీదీ, పక్కకి జరుగు, రాజు కనపడ్డం లేదు!"

పద్యం రెండోసారి. మూడోసారి. డాలీ మైకు విసిరేసి కిందికి దూకింది. ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీయే. బటన్ మీదికి చెయ్యి చాచి, కుర్చీని చూసి ఒక్క క్షణం జంకింది.

"తీసేసినారు!" కమ్మలో చీఫ్ అరుపు.

డాలీ నొక్కింది. బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది, అంతే. సూసన్న ఆ చెయ్యి ఒడిసి పట్టుకుంది. "ఈ చేత్తోనే గదా మావోడికి సోడా ఇచ్చినావు, దీదీ."

తెల్లారి చీఫ్ రిపోర్టు రాస్తూ అడిగాడు. "మొదటి కేక ఎవరేసినారు?"

సూసన్న చెవి కమ్మ తీసి బల్ల మీద పెట్టింది.

"టికెట్ లేకుండా వచ్చినోడని రాసుకోండి సార్."