ఉయ్యాల గొలుసు మీద ఒక సందేహం

"ఉయ్యాల గొలుసు ఎంత పొడవుండాలో అడగడానికి నన్ను అజైబా నుంచి రప్పించారా?"

సింధూజ కారు దిగుతూనే అడిగింది. రఘుపతి హెల్మెట్ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"డ్రాయింగులో లేదు మేడమ్."

"ఉంది. మీ చేతిలో ఉన్నదాంట్లోనే ఉంది. తిరగేసి పట్టుకున్నారు."

అతడు కిందికి చూశాడు. తిరగేసే పట్టుకున్నాడు. వెనకాల ఉన్న ఫోర్‌మన్ ఇస్తారికి దగ్గు వచ్చింది.

ఒమాన్‌లో ఖబూరా ఊరు దాటాక కొండల వైపు ఒక సైనిక స్థావరం ఉంది. అక్కడ సైనికుల కుటుంబాల కోసం ఇళ్లు కడుతున్నారు. ఇళ్లు, బాటలు, పిల్లల పార్కు ఎక్కడ రావాలో గీసింది సింధూజ. జగిత్యాల అమ్మాయి. అజైబాలో ఒక కన్సల్టెన్సీలో ప్లానర్. సొంతంగా ఆమెకు అప్పగించిన మొదటి పని ఇదే. రఘుపతిది నిర్మల్. ఇళ్లు కట్టే కంపెనీలో డ్రైనేజీ ఇంజినీరు.

స్థావరంలో ఫోన్లు గేటు దగ్గరే వదలాలి. డ్రాయింగులు మెయిల్‌లో పంపకూడదు. అందుకని సైట్ నుంచి ఏ సందేహం రాసి పంపినా ప్లానర్ స్వయంగా వచ్చి జవాబు చెప్పాలి. అజైబా నుంచి రెండు గంటల దారి.

రఘుపతి పంపిన మొదటి సందేహం అసలైనదే. ఇళ్ల పక్కనే వాదీ ఉంది. ఏడాదంతా ఎండి ఉండే ఏరు. కొండల్లో వాన పడితే పొంగుతుంది. సింధూజ పార్కును ఇళ్లకంటే పల్లంలో పెట్టింది. పొంగిన నీళ్లు ఇళ్లలోకి పోకుండా పార్కులో నిలిచి, అడుగున పరిచిన కంకరలోకి ఇంకిపోతాయన్నది ఆమె లెక్క. అతడు వాదించాడు. ఆమె లెక్క మొత్తం చేసి చూపించింది. అతడు లోపల ఒప్పుకున్నాడు. పైకి చెప్పలేదు.

చెబితే ఆమె రావడం ఆగిపోతుంది.

అందుకని బెంచీ ఎత్తు అడిగాడు. జారుడుబల్ల ఏ దిక్కుకు ఉండాలని అడిగాడు. సాయంత్రం చెట్టు నీడ ఎటు పడుతుందని కూడా అడిగాడు.

"నిర్మల్‌ల ఎట్ల పడ్తదో ఈడ గూడ గట్లనే పడ్తది!" అంది సింధూజ.

కోపం వస్తే ఆమె నోట ఊరి మాట వచ్చేది. అది వినడానికి అతడు ఇంకో ప్రశ్న రాసేవాడు.

సైట్‌లో మాటలన్నీ వాకీటాకీలోనే. గేటు, ఆఫీసు, మేస్త్రీలు, అందరిదీ ఒకటే ఛానల్. తెలుగులో పోట్లాడుకుంటే ఆఫీసర్లకు అర్థం కాదని ఇద్దరికీ ధైర్యం. మేస్త్రీల్లో సగం మంది కరీంనగర్, నిజామాబాద్ వాళ్లన్న సంగతి మరిచిపోయారు. పోట్లాట మొదలైతే సిమెంటు కలిపేవాళ్లు చేతులు ఆపి వినేవాళ్లు.

"ఇయ్యాల ఛానల్ సప్పుడు చేస్తలేదేంది సార్?" అన్నాడు ఒకరోజు ఇస్తారి. "మేడమ్ రాలేదా?"

"నీ పని నువ్ చూస్కో ఇస్తారన్నా."

"చూస్తనే ఉన్న సార్. మీరే చూస్తలేరు."

గురువారం మేజర్ ఖల్ఫాన్ ఇద్దర్నీ ఆఫీసుకు పిలిచాడు. బల్ల మీద రఘుపతి సందేహాలన్నీ ఉన్నాయి.

"ఒక్క పార్కు మీద ఇన్ని సందేహాలా?" అన్నాడు మేజర్ ఇంగ్లీషులో. "ఇంజినీరుకే నమ్మకం లేని చోట పిల్లల్ని ఆడించలేను. ఆ పల్లం పూడ్చి కాంక్రీటు కాలువ వేయండి."

సింధూజ రఘుపతి వైపు చూసింది. అతడు బల్ల మీది కాగితాల వైపు చూశాడు.

"అయితే నాకిక్కడ పని లేదు సర్," అంది ఆమె. "పాస్ గేటులో ఇచ్చేస్తాను."

అతడు బయటికి వచ్చేసరికి కారు కదిలిపోయింది. కొండల మీద మబ్బు పట్టింది.

"గట్ల నిలవడ్డరేంది సార్?" అన్నాడు ఇస్తారి. "పోతాంది!"

రఘుపతి దగ్గర ఆమె ఫోన్ నంబర్ లేదు. ఉన్నా చేతిలో ఫోన్ లేదు. వాకీటాకీ బటన్ నొక్కాడు.

"గేట్, ఆ కారు ఆపండి. వాకీ మేడమ్‌కు ఇవ్వండి, ప్లీజ్."

గరగరమని శబ్దం వచ్చింది. తర్వాత ఆమె గొంతు.

"ఇంకేం సందేహం?"

"ఏం లేదు. మీ లెక్క కరెక్టని నాకెప్పుడో తెలుసు."

"మరి బెంచీ ఎత్తు?"

"మీరు రావాలని."

"జారుడుబల్ల?"

"మీరు రావాలనే."

"గొలుసు?"

"డ్రాయింగ్ చూస్తే గదా. మిమ్మల్నే చూస్తున్న."

సిమెంటు కలిపేవాళ్లు చేతులు ఆపేశారు.

"నీకు దిమాక్ ఉందా?" అంది సింధూజ. మొదటిసారి నువ్వు అంది. "నన్ను చూసుడు కోసం నా పార్కు మింగినవ్!"

"మింగిన. ఇప్పుడే కక్కుత."

"ఛానల్‌లో ఏం జరుగుతోంది?" మేజర్ గొంతు.

రఘుపతి కంటే ముందు ఇస్తారి బటన్ నొక్కి వచ్చీరాని హిందీలో అందుకున్నాడు. "సాబ్, ఇంజినీర్ సాబ్ బోల్తా, పార్క్ మే ప్రాబ్లం నై. ప్రాబ్లం ఇంజినీర్ సాబ్ మే హై."

రఘుపతి ఇంగ్లీషులో అంతా చెప్పాడు. ఏ సందేహం అసలుదో, ఏవి కావో చెప్పాడు. "తప్పు నాది సర్. నన్ను పంపేయండి. పార్కు ఉంచండి."

"ఇన్నాళ్లూ ఒకటి చెప్పావు, ఇవాళ ఇంకొకటి చెబుతున్నావు," అన్నాడు మేజర్. "నీ మాట ఎలా నమ్మాలి?"

కొండల్లో ఉరిమింది.

వాన వచ్చింది. ఒమాన్‌లో వాన పడితే ఎవరూ లోపల కూర్చోరు. మేస్త్రీలు బయటికొచ్చారు. మేజర్ కూడా వచ్చాడు. దారిలో వాదీ దాటే చోట రోడ్డు మూసేశారని గేటుకు కబురొచ్చింది. సింధూజ కారు వెనక్కి తిరిగింది.

ఆమె దిగి నేరుగా పార్కు గట్టు మీదికి పరుగెత్తింది. రఘుపతి అప్పటికే అక్కడ ఉన్నాడు.

ముందు హోరు వినబడింది. తర్వాత మట్టి నీళ్లు వచ్చాయి. పార్కులోకి దూకాయి. బెంచీల కాళ్లు మునిగాయి. జారుడుబల్ల అంచు మునిగింది. గట్టు మీంచి పార్కులోకి దిగే మెట్లు ఒక్కొక్కటే కనబడకుండా పోతున్నాయి.

"ఎక్కుతున్నయ్ సార్!" అని అరిచాడు ఇస్తారి.

సింధూజ రఘుపతి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకు తెలియదు. అతడికి తెలుసు.

పై మెట్టు మిగిలింది. నీళ్లు అక్కడే ఆగాయి. చూస్తుండగానే దాని కింది మెట్టు తేలింది.

మేస్త్రీలు ఈలలు వేశారు. మేజర్ మొదటి వరస ఇళ్ల తలుపులు తీయించి లోపల నేల చూసి వచ్చాడు. పొడిగా ఉంది.

"పార్కు ఉంటుంది," అన్నాడు. "ఇంజినీరు కూడా. గొలుసు గురించి మళ్లీ అడిగితే మాత్రం ఉండడు."

సింధూజ అప్పుడు తన చెయ్యి ఎక్కడుందో చూసుకుంది. తీసుకోలేదు.

"ఇగ సందేహాలు అయిపోయినట్టేనా?"

"ఒకటుంది."

"నీడ సంగతా?"

"కాదు. నన్ను పెండ్లి చేసుకుంటరా?"

చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ వాదీ వైపు చూడటం లేదు.

"నోటితోని అడిగితే చెల్లది," అంది సింధూజ. "రూల్ తెల్వదా? రాసి పంపు. నేనే వచ్చి జవాబు చెప్త."

"కాయిదం తెమ్మంటరా సార్?" అన్నాడు ఇస్తారి.

ఆదివారం పొద్దున కారు గేటు దగ్గర ఆగింది. సింధూజ ఫోన్ అప్పగించింది. చంకలో డ్రాయింగుల చుట్ట లేదు.

"ఏం పని మీద?" అడిగాడు గేటు సైనికుడు.

"సైట్ నుంచి ప్రశ్న వచ్చింది. జవాబు చెప్పాలి."

ఇసుక లారీ కోసం గేటు దగ్గరే నిలబడ్డ ఇస్తారి ఆమె చేతుల వైపు చూశాడు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"సార్, మేడమ్ వచ్చిండ్రు. హల్వా డబ్బా తెచ్చిండ్రు. పెద్దదే తెచ్చిండ్రు!"