నిద్రలేచిన గింజలు

శనివారం సాయంత్రం చచ్చినవని రూతు తేల్చేసిన పొద్దుతిరుగుడు గింజలు, తాను తాళం వేసి వెళ్లిన గదిలోనే, సోమవారం పొద్దునకల్లా తెల్లటి వేళ్లు చాచి ఉన్నాయి.

మొలకల పెట్టెలోంచి తీసిన తడికాగితం చుట్టను ఆమె పూర్తిగా విప్పి చూసింది. గార్లదిన్నె విత్తన పరీక్ష గదిలో కరెంటు లేదు. బయట మబ్బు. లోపల తియ్యగా మురిగిన వాసన ఏదో ఊపిరిలా వచ్చి మొహానికి తగులుతోంది. మొలకల పెట్టె తలుపు దానంతటదే కిర్రుమంది.

"కుళ్ళాయప్పా, ఈడికి ఎవరన్నా వచ్చినారా?"

పక్క బల్ల దగ్గర తాలుగింజలు ఏరుతున్న సహోద్యోగి తల ఎత్తలేదు. "దయ్యాలకు ఆదివారం సెలవుండదు కదా మేడమ్. వచ్చింటాయి."

"నవ్వులాట కాదు. ఇంకో తాళంచెవి నీ దగ్గరే ఉండాది. గింజలు తెచ్చిన ఎర్రన్న మీ ఊరాయన."

"అంటే నేను గింజలు మార్చినానంటారా?"

అప్పుడే ఎర్రన్న గుమ్మంలోకి వచ్చాడు. ఊళ్లో వాన పడింది. రూతు సంతకం పెడితే ఆ మూటలు చేలోకి పోతాయి, లేకుంటే నూనె మిల్లుకు. కానీ ఎవరైనా మంచి గింజలు తెచ్చి ఇక్కడ మార్చి ఉంటే, ఆ సంతకాన్ని నమ్మి ఊరంతా చచ్చిన గింజలు విత్తుకుంటుంది.

రూతు పెట్టె అడుగు అరలోకి చెయ్యి పెట్టింది. చల్లగా, మెత్తగా ఏదో వేళ్ల కింద చితికింది. చీకట్లోంచి నల్లటి కళ్లు నిగనిగలాడుతూ ఆమెనే చూశాయి. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

కళ్లు కావు. పగిలిన సీతాఫలాల్లో గింజలు.

"ఎర్రన్నా, నిజం చెప్పు. నువ్వు చెప్పినట్టు ఇది పాత పంటేనా?"

ఎర్రన్న తల గోక్కున్నాడు. "కొత్తదే తల్లీ. మొన్న కొట్టిన గింజంటే తీసుకోరేమోనని పాతదంటిమి."

"చెప్పింటే మందులో నానబెట్టింటాను కదప్పా. కొత్త గింజ నిద్రపోతాంటాది. పండ్ల ఆవిరి తగిలి లేచినట్టుండాది."

"అయితే పాసే కదమ్మా?"

"పండ్లు పెట్టిన చెయ్యి గింజలు కూడా మార్చలేదని ఎట్ల నమ్మేది? మళ్లీ పరీక్ష పెట్టాల."

"అంతవరకు నేల పదును ఆరిపోతాది తల్లీ."

ఎర్రన్న గుమ్మంలోంచి మబ్బు వైపు చూశాడు. కుళ్ళాయప్ప చేతిలోని జల్లెడ బల్ల మీద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే పెట్టినా. గింజలు ముట్టలేదు, కుళ్ళాయిస్వామి మీద ఒట్టు. శనివారం నువ్వు పోయినాక మా గట్టు మీది సీతాఫలం కాయలు తెచ్చినా. దోరగా ఉండె. చేతికిచ్చే ధైర్యం లేకపాయె. నువ్వు పొద్దున్నే మొదట తెరిచేది ఆ పెట్టెనే కదా, ఎవరు పెట్టినారని అడిగితే అప్పుడు చెప్దామనుకుంటి. మర్నాడు ఆదివారమని మరిచినా. ఎర్రన్న మామ ముందర చెప్పాల్సొస్తాదనీ అనుకోలేదు. నువ్వంటే నాకు ఇష్టం రూతూ. దానికి జవాబు ఇప్పుడే ఇయ్యాల్సిన పని లేదు. ముందు గింజలకు సంతకం పెట్టు. పదును ఆగదు. నేను ఆగుతా."