ఏడుపుగవికి అడ్డం పెట్టిన రాడ్డు

జీపు వెనక కమాను స్ప్రింగులు కిర్రుమని కుంగాయి. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. ఎక్కినవాడెవడూ లేడు. స్టీరింగు పట్టుకున్న కుళ్లాయప్ప తిరిగి చూశాడు. వెనక, దారి చూపడానికొచ్చిన గొర్రెలు కాసే నరసవ్వ ఒక్కతే కంబళి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒకడు ఎక్కినాడు నాయనా," అంది అవ్వ. "పోనీ."

కుళ్లాయప్ప పక్కకు చూశాడు. అది వాలుమలుపు. ఎడమపక్క లోయ. కింద ముళ్లపొదల్లో తుప్పుపట్టిన జీపొకటి తలకిందులుగా పడి ఉంది. పోయిన ఏడు అతని తమ్ముడు ఓబులు దాని కిందే నలిగి చచ్చాడు. తాగి తోలాడని ఆ జీపు యజమాని, క్వారీ కాంట్రాక్టరు జయరాము, ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది. పెద్దోడి మాటకు సాక్ష్యమెవడు అడుగుతాడు? జీవితంలో చుక్క ముట్టని ఓబులు తాగుబోతుగా మట్టిలో కలిశాడు. తమ్ముడి మీద పడ్డ ఆ మచ్చ కడగాలనే కుళ్లాయప్ప ఈ కొండెక్కాడు.

ఆ జయరామే ఇప్పుడు పక్క సీట్లో ఉన్నాడు. ఈ కొండమీద ఏడుపుగవి అనే గుహలో ఉన్న పాలెగాడి నిధి కోసం ఇంకో జీపు కొని, అరడుగు ఎత్తు లేపించాడు. తోలడానికి ఎవడూ రాలేదు. మెకానిక్కు కుళ్లాయప్ప వచ్చాడు, ఒకే షరతు మీద: "స్టెబిలైజర్ రాడ్డు నేను బిగిస్తా. బండి నేనే తోల్తా."

ఎత్తు లేపిన బండికి బరువు పైకి పోతుంది, ఊగుడు పెరుగుతుంది. ముందు చక్రాలు రెంటినీ కలిపే ఆ ఉక్కు కడ్డీ ఉంటే, ఒకపక్క కుంగబోతే రెండోపక్క పట్టి ఆపుతుంది. బండరాళ్ల మీద మాత్రం విప్పాలి, అప్పుడే ఏ చక్రానికాచక్రం గుంటలోకి దిగి నేల పట్టుకుంటుంది. వాలు రాకముందే మళ్లీ బిగించాలి. ఇంతే విద్య. కుళ్లాయప్పకు దాన్ని ఏ కాలేజీ నేర్పలేదు. బండ్ల కింద వెల్లకిలా పడుకుని, కళ్లలో మట్టి రాలుతుంటే నేర్చుకున్నాడు.

మలుపు దాటాక బండలొచ్చాయి. రాడ్డు విప్పి వెనక పడేశాడు. జీపు ఉడుములా పాకి గవి ముందు ఆగింది.

గవి నోటికి ఏనుగంత రాతిపలక. దాని కిందినుంచి సన్నటి ఏడుపు.

"గాలిలే," అన్నాడు జయరాము. చుట్టూ ఒక్క ఆకూ కదలడం లేదు.

"నిధి మోసిన ఆరుగురు కూలోళ్లు సామీ," అంది అవ్వ. "గుట్టు బయటపడ్తాదని పాలెగాడు వాళ్లను లోపలుంచి పలక దించేసినాడంట. అందులో ఒకడు మా ముత్తాత."

జాకీతో పలక లేపారు. అడ్డం పెట్టిన దుంగ పటుక్కున విరిగింది. రాయి పిండయింది. "వద్దు సారూ!" అని కుళ్లాయప్ప అరిచేలోగా జయరాము రాడ్డు ఈడ్చుకొచ్చి పలక కింద నిలబెట్టాడు. జాకీ వంగి పక్కకు ఎగిరిపడింది. పలక రాడ్డు మీద కూర్చుంది. ఉక్కు నిలిచింది.

లోపల ఆరు బిందెల బంగారం. ఆరు అస్థిపంజరాలు. ఒక్క చెయ్యి కూడా బంగారం వైపు లేదు, అన్నీ పలకవైపే చాచి ఉన్నాయి. పలక లోపలి ముఖమంతా గోళ్ల గీతలు.

జయరాము బిందెల మీద పడ్డాడు. అవ్వ కంబళి పరిచి, ఒక్కొక్కరి ఎముకలు పసిబిడ్డనెత్తినట్టు ఎత్తి మూట కట్టింది. ఆ మూట జీపులో పెట్టగానే కమాన్లు కుంగాయి. ఒకటి. రెండు. మూడు. ఆరుసార్లు.

"సారూ, బయటికి రా! రాడ్డు పీకాల!"

"పిచ్చి పట్టిందేమిరా? పలక పడిపోతాది! రాడ్డు ఈడనే ఉండనీ. ఒక బిందె ఎత్తుకుపోయి మళ్లీ వద్దాం."

"ఆ వాలు మీద, రాడ్డు లేకుండానా?"

"పోయినసారి గూడా లేకుండానే కదరా..."

జయరాము నాలుక కరుచుకున్నాడు. గవిలో ఏడుపు ఆగిపోయింది.

కుళ్లాయప్ప జీపులోంచి మోకు తీశాడు. ఒక కొస రాడ్డుకు కట్టాడు, రెండో కొస జీపుకు. ఇప్పుడు ఒక్కసారి లాగితే చాలు, జయరాము ఏడోవాడై లోపలే ఉంటాడు. స్టీరింగు ముందు కూర్చుని క్లచ్చు తొక్కాడు. కానీ మనుషుల మీద పలక దించడం పాలెగాళ్ల పని. తన పని బిగించడం.

"మూడు లెక్కపెడ్తా! ఒకటి!"

జయరాము బిందె వదల్లేదు.

"రెండు!"

చీకట్లో ఏం చూశాడో ఏమో, జయరాము కెవ్వుమని, బిందె పారేసి, పొట్ట మీద పాక్కుంటూ బయటపడ్డాడు. జీపు వెనక్కి దూకింది. రాడ్డు ఊడి గాల్లోకి లేచింది. పలక కొండ అదిరేలా పడింది. గవి మూసుకుపోయింది.

బండలు దిగాక, వంగిన రాడ్డును సుత్తితో సరిచేసి బిగించాడు. వాలుమలుపు. జీపు లోయవైపు ఒరిగింది. రాడ్డు మూలిగింది. పట్టి ఆపింది. సరిగ్గా అక్కడే, తమ్ముడి జీపుకు ఎగువన, కుళ్లాయప్ప బ్రేకు తొక్కాడు.

"చెప్పు."

"పోనీరా! పడిపోతాం!"

"రాడ్డు ఉండాది, పడం. చెప్పు. మా ఓబులు తాగినాడా?"

జయరాము కిందికి చూశాడు. "లేదు! తాగలేదు! రాడ్డు బిగిస్తానని బతిమాలినాడు. పొద్దుపోతాందని నేనే వద్దన్నా. నేను దిగి నడిచినా, వాన్ని ఒక్కన్నే తోలమన్నా."

"ఊళ్లో ఇదే చెప్పల్ల."

"చెప్తా! పోనీ!"

చావడి ముందు జీపు ఆగింది. దిగాక జయరాము మాట మార్చాలని నోరు తెరిచాడు. వెనక్కి చూశాడు. అవ్వ మూటతో దిగి నిలబడింది. ఖాళీ జీపు ఇంకా కుంగే ఉంది. అతను తల వంచుకుని, నలుగురి ముందూ, లోయ మీద చెప్పిందే చెప్పాడు.

కుళ్లాయప్ప వెనక తలుపు బార్లా తెరిచి పక్కకు జరిగాడు. కమాన్లు ఒక్కొక్కసారే లేచాయి. అవ్వ వేళ్లు ముడిచింది. ఆరు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఇంకొక్కసారి, మెల్లగా, జీపు తేలికపడింది.

"మీ ఓబులు నిదానస్తుడు నాయనా," అంది అవ్వ.